ఇంటికిని చెట్టుకును నడుమ

చెట్టును ప్రేమింపనివాడు దానిని ఇంటిగోడకు ఆనించి నాటడు. వాడు అసలు నాటనే నాటడు. గోడ మొదట గొయ్యి త్రవ్వి, అందులో వేపమొక్కనో మామిడిమొక్కనో నిలిపి, చుట్టును ఇటుకలు పేర్చి, ఉదయసాయంకాలములు చెంబుతో నీరు పోయువాడు నిశ్చయముగా వృక్షప్రియుడే. అందుచేతనే నేను చెప్పబూనిన మాట చెప్పుటకు కష్టముగా నున్నది. గొడ్డలి పట్టినవాని చేయి పట్టుకొని ఆపవచ్చును. చెంబు పట్టినవాని చేయి పట్టుకొనుట ఎట్లు? కాని ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట ఆ గొడ్డలిని ఇంటికి రప్పించునది ఈ చెంబే యని నా దృఢవిశ్వాసము. మిక్కిలి చేరువగా నాటిన చెట్టువలన ఇంటికి కలుగు కీడు కొంత. చెట్టునకు కలుగు కీడు అంతకంటె నెక్కువ. ఈ రెండవదానిని గూర్చియే నాకు పరితాపము.

మా యాదగిరిగుట్టలో నుండి ఈ మాట ఎత్తుట మరింత సాహసము. ఋష్యశృంగుని కుమారుడైన యాదమహర్షి ఈ కొండగుహలో తపమొనర్చి, జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనృసింహ రూపములలో స్వామిని దర్శించెనని స్థలపురాణము. తపస్సనగానే చెట్టునీడ తలపునకు వచ్చు జాతి మనది. అట్టి గుట్ట క్రింద ఇప్పుడొక క్రొత్త ఊరు లేచుచున్నది. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడినది. కృష్ణశిలతో పునర్నిర్మింపబడిన ఆలయము 2022 మార్చి 28న తలుపులు తెరచినది. వచ్చు భక్తులు పెరిగిరి, వారితో సత్రములు, హోటళ్లు, వానితో ఇండ్లు పెరిగినవి. నిన్నటిదాక ఆముదపు చేను ఉన్నచోట నేడు రాళ్లు పాతి గజముల లెక్కన జాగాలు అమ్ముచున్నారు. 150 గజముల జాగా కొన్నవాడు అందులో ఒక్క అడుగు వదలుటకును మనసొప్పక, ఇల్లు కట్టగా మిగిలిన మూడడుగుల సందులో, గృహప్రవేశమునాటి మామిడాకులు వాడకమునుపే, మొక్క నాటును. 2015 జూలైలో ఆరంభమైన హరితహారమను ప్రభుత్వపు మొక్కల పథకము ఊరూర నర్సరీలు పెట్టించి, ఇంటింటికిని మొక్కలు పంచిపెట్టినది. అది మంచి పనియే. మొక్కను చేతికిచ్చినవారు, ఇది పెరిగినప్పుడు ఎంత మాను కాగలదో, ఎంత చోటు కోరునో కూడ చెవిని వేసియుండిన ఇంకను మంచి పని అయియుండెడిది.

ఏలయన, మొక్కను చూచి మానును ఊహించుట సర్వులకును అబ్బు విద్య కాదు. నల్లని ప్లాస్టిక్ సంచిలో జానెడు ఎత్తున నాలుగాకులతో నున్న రావిమొక్క, పక్కనున్న మందారపు మొక్కకంటె పెద్దది కాదు. రెండింటికిని ఒకే గొయ్యి, ఒకే చెంబెడు నీరు, ఒకే ముళ్లకంప. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెత చెప్పుకొందుము గాని, మొక్కగా నున్ననాడే దానిని మానుగా చూడవలెనను తాత్పర్యము అందులో తీసికొనము.

ఇక నేల సంగతి. గుట్ట చుట్టుపట్ల భూమి ఎక్కువగా ఎర్రచల్క. పైన రెండు మూడడుగుల మన్ను, దాని క్రింద మొరము, మొరము క్రింద రాయి. ఆ రాయి భువనగిరిలో కోటను మోయు ఏకశిలయై ఆకాశమునకు లేచినది. మన ఇండ్ల క్రింద కంటికి కనబడక పరచుకొని యున్నది. ఇల్లు కట్టువారు మొరము తగులువరకు పునాది తీసి, అక్కడనుండి రాతికట్టడము లేపుదురు. చెట్టు చేయునదియు ఇంచుమించు అదే. మన పుస్తకములలోని బొమ్మలలో చెట్టువేరు పైకొమ్మలకు ప్రతిబింబమువలె లోతునకు దిగిపోవుచుండును గాని, నిజమునకు అధికభాగము వేళ్లు పైనున్న రెండు మూడడుగుల మన్నులోనే ప్రక్కలకు ప్రాకును. కొమ్మలు పరచుకొన్న మేరను దాటి చాల దూరము పోవును. గాలియు, తడియు, సారమును అక్కడనే ఉన్నవి. క్రింద రాయి అడ్డుపడిన చల్కలో అట్లు ప్రాకుట ఇంకను ఎక్కువ. కావున ఇంటి పునాదికిని, చెట్టు వేరునకును, మంచినీటి గొట్టమునకును, మురుగు మోరీకిని కావలసినది ఆ పై మూడడుగుల మన్నే. ఆ మూడడుగులలోనే నలుగురిని ఇరికించి, వారు కలహించిరని చెట్టును మాత్రము దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు.

వేరు దురుద్దేశముతో గోడను త్రోయునని నేననను. బలముగా రాతితో కట్టిన పునాది ఎదురైనప్పుడు వేరు చాలవరకు ప్రక్కకు తొలగి పోవును. కాని తొలగిపోయిన వేరు ఏటేట లావెక్కును. లోతు లేని ప్రహరీగోడ, వాకిట పరచిన షాబాదు బండ, మెట్ల క్రింది గచ్చు, ఈ మూడును ఆ లావునకు తాళలేవు. బండ ఒక అంచున లేచును, దాని సందున నీరు దిగును, దిగిన నీటికి మరికొన్ని వేళ్లు చేరును. ఈ వ్యవహారము ఎంత నిదానముగా నడచుననగా, ఇంటివారు దానిని ఒక సంవత్సరమునకును మరియొక సంవత్సరమునకును భేదముగా గుర్తింపలేరు. దూరదేశమునుండి దసరాకు వచ్చిన కూతురు ఇంటిలో అడుగిడగానే గడప కుంగినదని చెప్పును.

రేగడి నేలలలో కథ వేరు. నల్లగొండ, మహబూబునగర్ జిల్లాలలో అక్కడక్కడ నల్లరేగడి కలదు. ఆ మన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకొని పగుళ్లు వారును. ఇంటిమూల చెంత పెద్దచెట్టు ఒకటి నిలిచి వేసవి పొడుగునను తడి పీల్చుచుండగా, ఆ మూలనున్న మన్ను తక్కిన మూలలకంటె ముందు ముడుచుకొనును. పునాది ఒకవైపు దిగును. కిటికీమూలనుండి ఏటవాలుగా బీట పుట్టును. 1976లో ఇంగ్లండు దేశమున మహానావృష్టి సంభవించినప్పుడు, దక్షిణ ప్రాంతములలో బంకమట్టిపై కట్టిన ఇండ్లు విస్తారముగా బీటలు వారి, బీమా కంపెనీలకు చెట్లను గూర్చి ఒక్కసారిగా శ్రద్ధ పుట్టినది. మన రేగడియూళ్ల ముసలి సుతారీలకు ఈ సంగతి బీమా లేకయే తెలియును. గోడ బీట చూడగానే వారు ఇంటిలోనికి పోరు. ముందు బయటికి వచ్చి చెట్టెక్కడున్నదని చూతురు.

నేను కన్నులార చూచినదొకటి వ్రాసెదను. మా వీధిలో ఒక పాత ఇంట మురుగు పోక వాకిట నిలిచినది. వెదురుబద్ద పెట్టి పొడిచిరి, నీళ్లు గుమ్మరించిరి, ఫలితము లేకపోయెను. తుదకు సుతారిని పిలిపించి, గోడకు మూరెడు దూరమున నున్న కానుగచెట్టు మొదటనుండి మోరీ వెంట గడ్డపారతో త్రవ్వించిరి. సిమెంటు గొట్టముల అతుకొకటి ఎన్నడో వెంట్రుకవాసి విచ్చియుండెను. వేరునకు కన్నులు లేవు, అది నీటిని వెదకుచు పోదు. తడి ఉన్నచోట మాత్రము చురుకుగా చీలి పెరుగును. ఆ వెంట్రుకవాసి సందున దారము వంటి వేరొకటి దూరి, లోపల అపారమైన తడియు సారమును దొరకగా, వేయి పాయలై పెరిగియుండెను. సుతారి గొట్టమును పగులగొట్టి దానిని రెండు చేతులతో లాగెను. రాదు. మరల లాగెను. నల్లగా, నున్నగా, బారెడు పొడవున, ఆడపిల్ల జడవలె అది బయటికి వచ్చినది. గొట్టపు గుండ్రదనమును అంతటిని తనలోనికి తీసికొని, నడుమ వేలు దూరునంత రంధ్రమైనను లేకుండ అల్లుకొని యున్నది. కొన పట్టి చూచితిని. అచ్చటి పాయలు తెల్లగా, లేతగా, ఇంకను పెరుగుచునే యున్నవి. "గిది ఏరు కాదు సారూ, గొట్టం లోపల ఇంకో గొట్టం" అనెను సుతారి. ఆ యింటి పెద్దామె అరుగుమీద కూర్చుండి అంతయు చూచుచున్నది. "మా అత్త నాటిన చెట్టు బిడ్డా, కొట్టబుద్ధి గాదు. ఏమన్న మందు వోసి గా ఏరు మట్టుకు సంపరాదుండ్రి?" అని బ్రతిమాలుకొన్నది. సుతారి ఆమెవైపు జాలిగా చూచి, "ఏరు సచ్చినంక మాను బతుకుతదా అవ్వా?" అనెను. ఆమె మారు పలుకలేదు. మరుసటి వారము చెట్టు కొట్టిరి. మొదలు కొట్టినంతమాత్రమున బాధ తీరలేదు. మిగిలిన వేళ్లు కుళ్లి, వానికి చెదలు పట్టి, ఆ చెదలు గోడవెంట మట్టిదారులు వేసికొని ద్వారబంధమువరకు ఎగబ్రాకినవి. మంచి టేకు ద్వారబంధము. గోరుతో నొక్కగా లోపల బొల్లు.

నాటకయే మొలచు చెట్ల మాట వేరుగా చెప్పవలెను. రావి, మర్రి, మేడి, జువ్వి, ఈ నాలుగు జాతుల పండ్లను పక్షులు తిని, గోడలపై, మిద్దెలపై, గోపురముల సందులలో రెట్ట వేయును. ఆ రెట్టలోని గింజకు కావలసినది గోరంత సందు, చిటికెడు ధూళి, ఒక్క వాన. సున్నపు గోడలనగా దానికి మరింత ప్రీతి. మొదట రెండాకులు, మరుసటి ఏట చిటికెనవేలంత కాడ, అయిదారేండ్లకు గోడ రెండు చీలికలు. అప్పటికి దానిని పెరుకుటకు ఎవరికిని చేయి రాదు. రావి దేవతావృక్షము కదా! ఆ భక్తిని నేను తక్కువ చేయను. కాని రెండాకుల ప్రాయమున రెండు వ్రేళ్లతో తీసి, మరొకచోట నాటి నీరు పోయుట ఆ దేవతకు చేయు నిజమైన సేవ యని నా మనవి. కాంభోజదేశమున జయవర్మ చక్రవర్తి పన్నెండవ శతాబ్దిలో కట్టించిన తా ప్రోమ్ దేవాలయమును మన భారత పురావస్తుశాఖవారే పెక్కు సంవత్సరములుగా బాగుచేయుచున్నారు. అక్కడి ప్రాకారములను మహావృక్షముల వేళ్లు చుట్టి పట్టినవి. చూడవచ్చిన లోకమంతయు ఆ దృశ్యమునకు ముగ్ధమగును. పనివారి కష్టము వేరు. ఆ వేరును తీసిన గోడ కూలును, ఉంచిన గోడ చీలును, చెట్టు గాలికి పడెనా రెండును పోవును. అంతవరకు రానిచ్చిన పిదప మంచిదారి లేదు.

పొదల సంగతి అందరును అల్పముగా తలతురు. గోడ మొదట మల్లె, సన్నజాజి, మందారము, క్రోటను కుప్పలుగా పెంచి, ప్రతిదినము నీరు కట్టుదురు. ఎండయు గాలియు సోకని ఆ గోడభాగము ఏడాది పొడుగునను తడియారదు. సున్నము పొరలుగా ఊడును, లోపలివైపు చెమ్మ ఎక్కి, దేవుని పటము వెనుక నల్లని బూజు పట్టును. రాలిన ఆకు గోడ మొదట కుళ్లుచుండగా చెదలకు అది వంటిల్లు; చెదలదారి పైకి ప్రాకినను ఆకుల మాటున కనబడదు. మల్లెపొదకు పాములు వచ్చునని మన పెద్దలు చెప్పిరి. పాములు వాసనకు వచ్చునని నేను నమ్మను. చల్లదనమునకు కప్పలు చేరును, విత్తులకు ఎలుకలు చేరును, వానికై పాములు వచ్చును. కట్లపాము రాత్రియందు సంచరించు జీవి. నేలపై పరుండినవారిని నిద్రలోనే కరచు స్వభావము దానికి కలదు, కరచినట్లు తెలియదు కూడ. వేసవిలో తలుపులు తెరచి చాపలపై పరుండు మన ఊళ్లలో, గడపకు మూరెడు దూరమున దట్టమైన పొద ఉండుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. గోడకును పొదకును మధ్య మనిషి చీపురు పట్టుకొని నడువగలిగినంత త్రోవ ఉన్నచో వీనిలో సగము బాధలు పుట్టవు.

పైనుండి వచ్చు బాధలలో మా గుట్టకు ప్రత్యేకమైనది కోతుల బాధ. తెలంగాణమున కోతులు లేని ఊరు లేదు గాని, కొండపై స్వామి ప్రసాదమునకు అలవాటు పడిన మా కోతుల ధైర్యము వేరు. హరితహారము మొదలుపెట్టిన నాటి పాలకులు కూడ, వానలు తిరిగి రావలెనని, కోతులు తిరిగి అడవికి పోవలెనని ఒకే ఊపిరిలో కోరిరి. అడవి పెరుగునప్పటికి కోతులు పోవునేమో; ఇంటికప్పుపైకి వంగిన కొమ్మ మాత్రము వానికి నేడే నిచ్చెన. గూనపెంకుటింటి కప్పుపై ఒక మంద దిగిపోయెనా, ఆ సాయంకాలమే పెంకులు సర్దించుకొనవలెను. లేకున్న తొలివానకు అర్రలో గిన్నెలు పెట్టుకొనవలెను. డాబా ఇండ్లకు పెంకుల బాధ లేదు గాని పర్నాల బాధ కలదు. మాఘ ఫాల్గునములలో వేప ఆకు రాల్చును, చైత్రమున పూత రాల్చును. ఎవరును మిద్దె ఎక్కి చూడరు. మృగశిరకార్తె వాన కురియగానే ఆ రాలినదంతయు పర్నాల మూతికి చేరి అడ్డుపడును. మిద్దెపై నీరు నిలుచును, నిలిచిన నీరు స్లాబులోనికి ఇంకును, లోపలి ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బును, ఒకనాడు పైకప్పు పెచ్చులూడి మంచముపై పడును. ఇంటివారు కట్టిన మేస్త్రీని తిట్టుదురు.

గాలివానల సంగతి సంక్షేపముగా చెప్పెదను. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నమంతయు ఉక్కబోసి, సాయంకాలము దుమారము లేచి, వడగండ్లతో విరుచుకొనిపడు గాలికి, పై మన్నులోనే వేళ్లు పరచుకొన్న చెట్టు నిలువునా పెకలి పడవచ్చును. గోడ చెంతనున్న చెట్టునకు ఒకవైపు వేరు పోనే పోదు. అది ఒంటికాలిపై నిలిచినది. తురాయి వంటి పెళుసు చెట్లకును, మునగ వంటి మెత్తని చెట్లకును కొమ్మ విరుగుట నిత్యకృత్యము. మునగకు గొంగళిపురుగు బాధయు తోడు. ఆ చెట్టు కాయను నేను మిక్కిలి ఇష్టపడుదును, కిటికీముందు ఆ చెట్టును మాత్రము ఒల్లను.

ఇంతవరకు విని, "మరి నీడ మాటేమి?" అని అడుగువారు కలరు. సరియైన ప్రశ్నయే. నలువది మూడు, నలువది నాలుగు డిగ్రీల ఎండలో కాలు మోపలేని దేశము మనది. ఇంటికి నీడ కావలెనన్న కోరిక విలాసము కాదు, ప్రాణావసరము. కాని నీడకై చెట్టును గోడకు అంటింపవలెననుట భ్రమ. గుట్టలో మే నెల మిట్టమధ్యాహ్నము సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నిలుచును. అప్పుడు గోడలపై ఎండయే పడదు, కప్పుపై పడును. గోడలను కాల్చునది మధ్యాహ్నము మూడు మొదలు పొద్దుగూకువరకు పడమటినుండి ఏటవాలుగా వచ్చు ఎండ. ఆ గోడ రాత్రి పదిగంటలవరకు సెగ విడుచుచునే యుండును. మే నడుమ సాయంకాలము నాలుగు గంటలకు మా ఊరిలో సూర్యుడు క్షితిజమునకు సుమారు 36 డిగ్రీల ఎత్తున నుండును. పడమటి గోడకు 25 అడుగుల దూరమున 30 అడుగుల ఎత్తు వేప ఉన్నదనుకొనుడు. లెక్క వేసి చూచిన, ఆ వేళకు దాని నీడ గోడపై పన్నెండడుగుల ఎత్తువరకు ప్రాకును. అనగా ఒంటి అంతస్తు ఇంటి గోడ మొత్తము నీడలో నుండును. అటుపై పొద్దు వాలినకొలది నీడ ఇంకను పైకి జరుగును. ఇంతకు చెట్టు వేరు గోడను తాకినది లేదు, ఆకు పర్నాలలో పడినది లేదు, కోతికి కప్పుపైకి దారియు లేదు. ఇంటికిని చెట్టుకును నడుమ గాలి ఆడుచుండును. ఆ గాలి చెట్టుక్రిందినుండి చల్లనై వచ్చును. గోడకు ఆనిన చెట్టు ఈ గాలినే అడ్డగించును.

మన పూర్వులు ఈ ఎడమును ఎరుగరనుకొనరాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో, ఇంటికి చేరువనున్న ముళ్లచెట్లు శత్రుభయమును, పాలచెట్లు ధననాశమును, పండ్లచెట్లు సంతానహానిని కలిగించునని చెప్పెను. నరుకుటకు మనసొప్పకున్నచో నడుమ పున్నాగము, అశోకము, పొగడ వంటివి నాటుమనెను. జువ్వి, మర్రి, మేడి, రావులకు ఏ దిక్కు తగదో ఏ దిక్కు తగునో విభజించెను. అతడు చెప్పిన ఫలములను నేను అక్షరాల నమ్మువాడను కాను. అయినను పాలచెట్లనగా ఏవి? మర్రి, రావి, మేడి, జువ్వియే కదా. గోడలను చీల్చు వేళ్లు గల జాతులు. అవి ఇంటి చెంతనున్నచో ధనమునకు నష్టమనుటను సుతారికి కూలి ఇచ్చినవాడెవడును కాదనలేడు. ఆ గ్రంథమునందే వృక్షాయుర్వేదము చెప్పుచు, చెట్టునకును చెట్టునకును నడుమ ఇరువది హస్తముల ఎడము ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు నిర్ణయించెను. ఇరువది హస్తములనగా ముప్పది అడుగులు. తోటలో చెట్టుకు తోడి చెట్టే అంత దూరమున ఉండవలెనన్నచో, ఇటుకగోడను ఎంత దూరమున ఉంచవలెను!

దట్టముగా నాటుట తప్పని నేననుట లేదు. మా జిల్లాలోనే చౌటుప్పలు దగ్గర, జపానుదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు అకీరా మియావాకి చూపిన పద్ధతిననుసరించి, అటవీశాఖవారు ఎకరమునకు వేలకొలది మొక్కలు నాటి అడవిని పెంచిరి. యాదాద్రి నమూనా యని దానికి పేరు వచ్చినది. అడవికి అది శోభ. అక్కడ ఏ చెట్టు బలిసి ఏ చెట్టు నశించినను అడవి నిలుచును, కూలుటకు గోడ లేదు. ఆ వనమును చూచివచ్చిన ఉత్సాహముతో పెరటిలో, సెప్టిక్ ట్యాంకు చుట్టును, పది జాతులను క్రిక్కిరిసి నాటుట మాత్రము తగదు. త్వరగా పచ్చబడునను ఆశయు ఇట్టిదే. హరితహారమున కోనోకార్పస్ అను పరదేశపు మొక్కను రోడ్ల నడుమను, ప్రహరీల వెంటను విరివిగా నాటిరి. నీరు తక్కువైనను పచ్చగా నుండును, ఏడాదిలో నిలువెత్తు పెరుగును. పిమ్మట దాని వేళ్లు గొట్టములను చెరచుననియు, పుప్పొడి ఊపిరికి మంచిది కాదనియు ఆక్షేపణలు పుట్టగా, నాటుట మానుడని ప్రభుత్వమే చెప్పవలసివచ్చినది. నాటినవారే పెరుకుచున్నారు.

పెరుకుట అనుకొన్నంత సులభము కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు అనుమతి కావలెను. ఉండవలసిన నియమమే అది. కాని గోడ బీటవారినవానికి కాగితముల ఓపిక ఎక్కడిది? వాడు అనుమతి కోరడు, కొమ్మలు నరుకును. ఏటేట నరుకును. వానకాలమునకు ముందు కరెంటువారు వచ్చి తీగలవైపు నున్న సగము కొట్టుదురు, ఇంటివారు కప్పువైపు నున్న సగము కొట్టుదురు. మిగిలిన మోడు చావదు, బ్రతుకదు. కోసిన చోట్ల నీరు నిలిచి పుచ్చిపట్టును. ఆ పుచ్చు మొదలువరకు దిగును. కొందరు మొదట బెరడు చుట్టును ఒలిచి, మరి కొందరు రాత్రివేళ ఆమ్లము పోసి, దానంతట అదే ఎండినదని చెప్పుకొందురు. నూరేండ్లు బ్రతుకదగిన వేప, పదునెనిమిదవ యేట, కాయలు నిండిన చెట్టు, ఇట్లు చచ్చుట నేను చూచితిని. దానిని చంపినవాడు దుర్మార్గుడు కాడు. పదునెనిమిదేండ్ల క్రిందట దానికి చెంబుతో నీరు పోసినవాడే.

చెట్టునకు చోటిచ్చిన ఏమగునో తెలియగోరువారు మహబూబునగరము పోయి పిల్లలమర్రిని చూడవలెను. ఒకే మర్రి, ఊడలు దిగి, ఊడలే మ్రాకులై, సుమారు మూడెకరముల మేర ఆవరించినది, ఏడువందల ఏండ్ల వయస్సున్నదని ప్రజలు చెప్పుకొందురు. దాని నీడ కొలత మన వీధిలోని ఇండ్లనన్నింటిని కలిపినంత. 2017 చివర దాని పెద్దకొమ్మ యొకటి కూలినప్పుడు సందర్శకులను రానీయక మూసివేసిరి. చెదలు తొలిచిన ఆ వృద్ధవృక్షమునకు, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్లే, సీసాలు వ్రేలాడదీసి క్లోరోపైరిఫాస్ మందును నీటిలో కలిపి బొట్టుబొట్టుగా కొమ్మలలోనికి ఎక్కించిరి. ఊడలకు దన్నులు పెట్టిరి, వేళ్లకు మన్ను పోసిరి. ఒక చెట్టును బ్రతికించుటకు ఒక జిల్లా యంత్రాంగము పడిన ఆరాటమది. ఆ మర్రియే ఏ ఇంటి ప్రహరీ చెంతనో మొలచియుండిన, మూడవ ఊడ దిగకమునుపే సుతారి వచ్చియుండును.

కాబట్టి మొక్క కొరకు నాయొద్దకు వచ్చువారితో నేను మొదట జాగా కొలత అడుగుదును. వాకిట గోడకు మూడు నాలుగడుగుల ఎడమున కల్యామాకు, మందారము, దానిమ్మ. పదిపన్నెండడుగులు దొరకినచో జామ, సీతాఫలము. వేపకు ఇరువది అయిదడుగులకు తక్కువ ఒప్పుకొనను. రావికిని మర్రికిని ఇండ్ల నడుమ చోటు లేదు. చెరువుకట్ట ఖాళీగా నున్నది కదా యని కొందరందురు. అదియు కూడదు, పెద్దచెట్టు వేరు కట్టలో నీటికి త్రోవ చేయును. కట్టకు దూరముగా, రోడ్డు ప్రక్కన, బడి ఆవరణమున, వైకుంఠధామమను ఊరి శ్మశానవాటికన నాటవలెను.

మొన్న క్రొత్తగా ఇల్లు కట్టుకొన్న యువకుడొకడు రావిమొక్క సంచిని చంకనిడుకొని వచ్చెను. గుడిలో ఎవరో పెద్దవారు ఇచ్చిరట. ఈశాన్యమూల గొయ్యి కూడ త్రవ్వియుంచెనట. ఇద్దరము పోయి టేపు పట్టి చూచితిమి. గోడకు నాలుగడుగులు, ప్రక్కింటివారి సంపునకు ఆరడుగులు. "మూలకు ఇంకొంచెం జరిపితే సరిపోదా సారూ?" అని అడిగెను. జరిపిన ప్రహరీ తగులును. రోడ్డువైపు పోయి చూచితిమి. అక్కడ నెత్తిన కరెంటు తీగ. వానికి మనసు నొచ్చినది, నాకును నొచ్చినది. పెద్దలిచ్చిన మొక్కను ఎట్లు పారవేయుదుననెను. పారవేయవలదని, బడిలో ఆటస్థలమునకు పడమరగా గోడలు లేనిచోట రెండు గుంతలు త్రవ్వి మొక్కలకై అడుగుచున్నారని చెప్పితిని. సంచిని మరల చంకనెత్తుకొని, బడి ఎన్నింటిదాక తెరచియుండునని అడిగి, వాడు ఆ దారిన బండి మరలించెను.